కవచం ఒక పాఠం: మధ్యయుగ యుద్ధసామగ్రి పునర్నిర్మాణం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:

చారిత్రక పునరభినయం కోసం మధ్యయుగ కవచాలను, ఆయుధసామగ్రిని ఈనాడు తిరిగి తయారుచేయడం ఐరోపా, అమెరికాలలో విస్తృతంగా సాగుతున్న కార్యకలాపం. దీనిని సాధారణంగా వినోదంగానో, హస్తకళగానో చూస్తారు. ఈ వ్యాసం దానిని ఒక వ్యాఖ్యానప్రక్రియగా పరిగణిస్తుంది. శిథిల తాళపత్రప్రతిని పరిష్కరించే పండితుడికి, తుప్పుపట్టిన రేకుల నుంచి కవచాన్ని నిలబెట్టే తయారీదారుకు ఎదురయ్యే సమస్యలు ఒకే తరహావని, కాబట్టి పాఠపరిష్కరణ సూత్రాలు ఇద్దరికీ వర్తిస్తాయని ప్రతిపాదిస్తుంది. విస్బీ యుద్ధ కవచాలను ప్రధాన ఉదాహరణగా తీసుకుని, ఆ దృష్టితో తెలుగు యుద్ధపదజాలాన్ని తిరిగి చదవవలసిన అవసరాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: కవచం, పునరభినయం, ఆహార్యం, పాఠపరిష్కరణ, నిఘంటువు, విస్బీ, జోడు.

1. ప్రవేశిక:

గతించిన యుద్ధాన్ని కళ్లకు కట్టించాలన్న కోరిక పాతదే. 1839లో స్కాట్లండ్‌లోని ఎగ్లింటన్ కోట వద్ద ప్రభువంశీయులు మధ్యయుగ వేషాలతో పోటీలు నిర్వహించారు. జోరువాన ఆ వేడుకను పాడుచేసింది. 1966లో అమెరికాలోని బర్క్‌లీలో మొదలైన సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రానిజం ఈ అభిరుచిని సామాన్యులకు చేర్చింది. పోలండ్‌లో 1410 నాటి గ్రున్‌వాల్డ్ యుద్ధాన్ని ఏటా జులైలో యుద్ధభూమి వద్దనే ప్రదర్శిస్తారు. ఈ కార్యక్రమాలలో ప్రేక్షకుడికి కనిపించేది పోరాటం. దాని వెనుక నెలల తరబడి సాగే పని మాత్రం కనిపించదు. రేకును సాగగొట్టడం, వలయాలను అల్లడం, గుడ్డపొరలను కుట్టడం, పాత చిత్రాలను, సమాధిశిల్పాలను, ఆస్తుల జాబితాలను చదవడం ఆ పనిలో భాగాలు.

ఈ చివరి అంశమే సాహిత్యవిమర్శకు సంబంధించినది. కవచం చేసేవాడు ముందు పాఠకుడు. అతడు చదివే ఆకరాలలో కావ్యాలూ ఉన్నాయి. అతడు ఎలా చదువుతున్నాడు, ఎక్కడ సరిగా చదువుతున్నాడు, ఎక్కడ దారి తప్పుతున్నాడు అన్నది ఈ పరిశీలనకు లక్ష్యం.

2. ఆహార్యం, ఆచారం, పునరభినయం:

భారతీయ నాటకసంప్రదాయంలో వేషసామగ్రికి శాస్త్రబద్ధమైన స్థానం ఉంది. భరతుడు అభినయాన్ని ఆంగిక, వాచిక, సాత్త్విక, ఆహార్యాలుగా విభజించి, ఆహార్యంలో పుస్తం అనే పేరుతో కృత్రిమ వస్తునిర్మాణాన్ని చర్చించాడు. రంగస్థలం మీద లోహంతో చేసిన బరువైన ఆయుధాలను ఆయన అంగీకరించలేదు. లక్క, వెదురు, గుడ్డ వంటి తేలిక పదార్థాలతో వాటిని రూపొందించాలన్నాడు. బరువు నటుణ్ని అలసటకు గురిచేసి అభినయాన్ని చెరుస్తుందన్నది అందుకు కారణం. అంటే నాట్యంలో కవచం ఒక సంకేతం. ప్రేక్షకుడికి అది కవచమని తెలిస్తే చాలు.

పునరభినయం ఈ సూత్రాన్ని తలకిందులు చేస్తుంది. అక్కడ బరువే కావాలి. సుమారు 10 కిలోల ఉక్కువలయాల చొక్కా భుజాల మీద వేలాడితే మనిషి ఎలా నడుస్తాడు, నడుముకు పట్టీ బిగిస్తే ఆ బరువులో కొంత తుంటి మీదికి ఎలా దిగుతుంది, శిరస్త్రాణంలో చూపు ఎంత కుంచించుకుపోతుంది అన్న ప్రశ్నలకు శరీరమే సమాధానం చెప్పాలి. లక్కతో చేసిన కవచం ఈ ప్రశ్నలకు బదులు ఇవ్వలేదు.

మూడవ దృక్పథం తెలుగునేల మీదనే ఉంది. పల్నాటి యుద్ధం జరిగిన కారెంపూడిలో నాగులేటి ఒడ్డున ఏటా కార్తిక అమావాస్య నుంచి ఐదు రోజులపాటు వీరారాధనోత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో కథాఘట్టాలు ఆ దినాలకు అనుసంధానమై ఉన్నాయి. వీరుల ఆయుధాలుగా భావించే కొణతాలను వీరాచారవంతులు ఊరూరి నుంచి తెచ్చి పూజిస్తారు. ఇక్కడ ఆయుధం పన్నెండవ శతాబ్ది నాటి కొలతలకు సరిపోతున్నదా అన్న ప్రశ్న పుట్టదు. ఆయుధంలో వీరుడు ఉన్నాడన్న విశ్వాసమే దాని ప్రామాణ్యం.

నాట్యంలో ఆయుధం సంకేతం, ఆచారంలో సన్నిధి, పునరభినయంలో సాక్ష్యం. ఈ మూడింటినీ కలగాపులగం చేసి ఒకదాని కొలబద్దతో మరొకదానిని తూచడం విమర్శలో దోషం అవుతుంది. కారెంపూడి ఉత్సవాన్ని చారిత్రక కచ్చితత్వం లేదని తప్పుపట్టడం ఎంత అసంగతమో, కచ్చితత్వమే తన ధ్యేయమని ప్రకటించుకున్న కవచాన్ని అందంగా ఉందని మెచ్చుకుని ఊరుకోవడం అంతే అసంగతం.

3. విస్బీ: శిథిలప్రతి వంటి నేల:

1361 జులై 27న డెన్మార్క్ రాజు నాలుగవ వాల్డెమార్ సైన్యం బాల్టిక్ సముద్రంలోని గాట్లండ్ ద్వీపంలో, విస్బీ నగరపు గోడల వెలుపల స్థానిక రైతుసైన్యాన్ని ఓడించింది. మృతులను సామూహికంగా గోతులలో పూడ్చారు. వారిలో చాలామంది ఒంటిమీద కవచాలు అలాగే ఉండిపోయాయి. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలో జరిగిన తవ్వకాలలో వెయ్యికి పైగా మనుషుల అస్థికలు, వాటితోపాటు రేకుకవచాలు, ఉక్కువలయాల తలముసుగులు బయటపడ్డాయి. బెంగ్ట్ థార్డెమాన్ వాటిని వర్గీకరించి రూపొందించిన గ్రంథం 1939-40లో రెండు సంపుటాలుగా వెలువడింది. మధ్యయుగ కవచనిర్మాతలకు అది నేటికీ ఆకరగ్రంథం.

ఈ కవచాల నిర్మాణం గమనించదగినది. తోలు లేదా మందపాటి గుడ్డతో చేసిన అంగీకి లోపలివైపు ఇనుపరేకులను రివెట్లతో బిగిస్తారు. బయటికి కనిపించేది రివెట్ల తలలు మాత్రమే. ఆరువందల ఏళ్లలో తోలు, గుడ్డ మట్టిలో కలిసిపోయాయి. మిగిలింది తుప్పుతో అతుక్కుపోయిన రేకులు, వాటి రంధ్రాలు, రివెట్లు. కవచానికి ఆకారాన్ని ఇచ్చిన పదార్థం పోయి, ఆ పదార్థాన్ని పట్టుకుని ఉన్న బిందువులు మిగిలాయి.

చెదపురుగులు తిన్న తాళపత్రప్రతిని పరిష్కరించే పండితుడి స్థితి ఇదే. పద్యంలో కొన్ని అక్షరాలు పోయినా యతిస్థానం, ప్రాస, గణాలు నిలిచి ఉంటే పోయిన మాట ఎంత పొడవుదో, ఏ అక్షరంతో మొదలుకావాలో అతడు నిర్ణయించగలడు. రివెట్ రంధ్రాలు అటువంటి ఛందస్సు. రివెట్ తలకు, రేకుకు మధ్య మిగిలిన ఖాళీ, పోయిన తోలు మందాన్ని సూచిస్తుంది. రేకుల వరుస ఎక్కడ ఆగిందో చూస్తే కట్టు ముందుండేదా, వెనుకనా, పక్కనా అన్నది ఊహించవచ్చు.

అస్థికలు ఈ పాఠానికి మరొక వ్యాఖ్య. విస్బీ మృతుల ఎముకల మీద గాయాలు కాళ్ల భాగంలో అధికంగా కనిపించాయి. మొండెం కాపాడబడి, కాళ్లు బయటపడి ఉన్న సైనికుడు ఇక్కడ గోచరిస్తాడు. కవచం దొరికిన చోటే కాక, దొరకని చోటు కూడా అర్థాన్ని ఇస్తుంది.

అయితే ఈ ఆకరానికి ఉన్న పరిమితిని చాలామంది విస్మరిస్తారు. విస్బీలో మరణించినవారు ప్రధానంగా గ్రామీణులు. వారి కవచాలలో అనేకం ఆనాటికే పాతబడిన రకాలన్నది పరిశోధకుల అభిప్రాయం. వాటిని చూసి 1361 నాటి సంపన్న యోధుడి రూపాన్ని నిర్మించడం కాలదోషానికి, వర్గదోషానికి కూడా దారితీస్తుంది. దీనికి విరుద్ధమైన ప్రమాదం కూడా ఉంది. ప్రభువుల ఆయుధశాలలలో భద్రంగా మిగిలినవి మేలిరకం కవచాలు. సామాన్యుడి కవచం అరిగేదాకా వాడి, ముక్కలు చేసి మరో పనికి మళ్లించారు. సామాన్యుడి సామగ్రి ఇంత పెద్దమొత్తంలో మిగలడానికి అతని ఓటమి, హడావుడి ఖననం కారణమయ్యాయి. చరిత్రలో ఎవరి సామగ్రి మిగిలింది అన్న ప్రశ్నకు, ఎవరి కావ్యం మిగిలింది అన్న ప్రశ్నకు దగ్గర చుట్టరికం ఉంది.

4. పరిష్కరణ, పూరణ, కల్పన:

మంచి పరిష్కర్త మూడు పనులను వేరువేరుగా చూపుతాడు. ప్రతిలో ఉన్నదానిని ఉన్నట్టు ఇస్తాడు. లోపాన్ని పూరిస్తే కుండలీకరణాలలో చూపుతాడు. కేవలం ఊహ అయితే పీఠికలో చెబుతాడు. కవచనిర్మాణంలో ఈ భేదాలు చెరిగిపోయే అవకాశం ఎక్కువ. పూర్తయిన కవచం మీద కుండలీకరణాలు ఉండవు. చూసేవాడికి అన్ని భాగాలూ సమానమైన నమ్మకంతో మెరుస్తాయి.

పదార్థం దగ్గరే ఈ సమస్య మొదలవుతుంది. మధ్యయుగపు ఇనుములో చిట్టెం కలిసి, ఒకే రేకులో గట్టిదనం చోటుచోటుకు మారుతూ ఉండేది. ఈనాటి రేకు కర్మాగారంలో సమమందంతో వస్తుంది. పాత కవచాల లోహనిర్మాణాన్ని పరీక్షించిన ఆలన్ విలియమ్స్ గ్రంథం 2003లో వెలువడింది. ఒకే రూపం కలిగిన రెండు కవచాలు లోహగుణంలో ఎంత భిన్నంగా ఉండగలవో అది నిరూపించింది. ఆకారాన్ని అనుకరించినంత మాత్రాన వస్తువును అనుకరించినట్టు కాదు.

వలయకవచం మరొక ఉదాహరణ. ప్రాచీన పద్ధతిలో తీగ కొసలను చదునుచేసి, ఒకదానిమీద ఒకటి ఉంచి, రంధ్రం చేసి, సన్నని రివెట్‌తో బిగిస్తారు. ఒక చొక్కాకు 20,000 నుంచి 30,000 దాకా వలయాలు పడతాయి. ఈ శ్రమను తప్పించుకోవడానికి ఆధునికులు కొసలను కేవలం ఆనించి వదిలేసే పద్ధతిని చేపట్టారు. దూరం నుంచి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. కాని ఆనించిన వలయం పోటుకు విచ్చుకుంటుంది. దాని ఆధారంగా వలయకవచం బలహీనమైనదని తీర్మానించడం, తప్పులతడక ప్రతిని చదివి కవికి ఛందస్సు రాదనడం వంటిది.

భద్రత కోసం చేసే మార్పులు వేరు. నిజమైన దెబ్బలతో క్రీడగా పోరాడేవారికి తలరక్షణ అనివార్యం. సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రానిజం నియమాల ప్రకారం శిరస్త్రాణపు ఉక్కు సుమారు 1.6 మిల్లీమీటర్ల మందం ఉండాలి. కత్తులకు బదులు పేముకర్రలను వాడతారు. మధ్యయుగ యోధుడు ఏడాదికి కొన్ని దినాలే యుద్ధం చేస్తే, ఈనాటి క్రీడాకారుడు వారం వారం దెబ్బలు తింటాడు. కాబట్టి ఈ మార్పు సమర్థనీయమే. అది మార్పు అని చెప్పకపోవడమే అభ్యంతరకరం.

ఇందులో భారతదేశానికి ప్రత్యక్షసంబంధం ఉంది. పాశ్చాత్యదేశాలలో పునరభినయానికి వాడే కత్తులు, శిరస్త్రాణాలు, వలయచొక్కాలలో గణనీయమైన భాగం డెహ్రాడూన్ వంటి ఉత్తరభారత కేంద్రాలలో తయారై ఎగుమతి అవుతాయి. ఐరోపా గతాన్ని ఐరోపావారు తొడుక్కోవడానికి భారతీయ కార్మికుడు రివెట్లు బిగిస్తున్నాడు. పునరభినయంలో పాల్గొనేవాడి అనుభవం గురించి విస్తారంగా రాసే సాహిత్యంలో ఈ కార్మికుడి హస్తజ్ఞానానికి దక్కే చోటు స్వల్పం. మధ్యయుగంలో యోధుడి పేరు నిలిచి కమ్మరి పేరు చెరిగిపోయింది. ఆ అన్యాయం కూడా పునరభినయం పొందుతున్నది.

5. కావ్యసాక్ష్యం: వర్ణన, ఆనుషంగికం:

కవచనిర్మాతలు కావ్యాలను ఆశ్రయించేటప్పుడు సహజంగా సుదీర్ఘ వర్ణనల వైపు మొగ్గుచూపుతారు. పద్నాలుగవ శతాబ్ది ఆంగ్లకావ్యం సర్ గవైన్ అండ్ ది గ్రీన్ నైట్‌లో నాయకుడు కవచధారణ చేసే ఘట్టం ప్రసిద్ధం. పాదరక్షల నుంచి డాలు వరకు ప్రతిదీ అక్కడ మెరుస్తుంది. కాని ఆ మెరుపు నాయకుడి నైతిక పరిపూర్ణతకు సంకేతం. కవి ప్రయోజనం వస్తువర్ణన కన్నా వ్యక్తివర్ణన.

అదే కాలపు చాసర్, కాంటర్‌బరీ కథల ఉపోద్ఘాతంలో యోధుణ్ని పరిచయం చేస్తూ అతని ముతక పైఅంగీ మీద వలయకవచం వల్ల ఏర్పడిన మరకలను ప్రస్తావించాడు. యాత్రనుంచి వచ్చి దుస్తులు మార్చుకోకుండానే బయలుదేరిన మనిషి వినయాన్ని చూపడం కవి ఉద్దేశం. కవచశాస్త్రం బోధించడం ఆయన ఉద్దేశం కాదు. అందువల్లనే ఆ సమాచారం విలువైనది. గుడ్డకు లోహం తగిలేదని, మరకపడేదని, అది పాఠకులకు వెంటనే అర్థమయ్యే నిత్యవిషయమని తేలుతుంది. కవి అలంకరించాలని పూనుకున్నచోట కన్నా, యథాలాపంగా చెప్పినచోట వస్తుసాక్ష్యం బలంగా ఉంటుంది. ఇది తెలుగు కావ్యాలకు కూడా అన్వయించదగిన పఠనసూత్రం.

6. తెలుగు పదజాలం: పర్యాయాలలో కరిగిన వస్తువులు:

తిక్కన యుద్ధపర్వాల నుంచి పల్నాటి వీరచరిత్ర వరకు తెలుగులో యుద్ధవర్ణనకు కొదువలేదు. పదసంపద కూడా పెద్దది. జోడు, మైమరువు, వజ్రాంగి, బొమిడికం, పక్కెర, కేడెం, పలక, సురియ, వంకిణి వంటివి అందులో కొన్ని. వీటిని చదివే పాఠకుడు నిఘంటువు తెరిస్తే ఎక్కువసార్లు లభించే సమాధానం కవచము, శిరస్త్రాణము, ఆయుధవిశేషము. ఛాత్రుడికి ఈ అర్థం సరిపోతుంది. కొలిమి దగ్గర కూర్చున్నవాడికి సరిపోదు. దేనితో చేశారు, ఎలా తొడిగేవారు, ఎక్కడ బిగించేవారు అన్నవి అతని ప్రశ్నలు. ఈ ప్రశ్నలను సాహిత్యవిద్యార్థి కూడా వేయవలసి ఉంది.

సంస్కృతనిఘంటు సంప్రదాయం తనుత్రం, ఉరశ్ఛదం, కవచం వంటివాటిని పర్యాయాలుగా ఒకచోట చేర్చింది. కాని తనుత్రం దేహాన్ని కాచేది, ఉరశ్ఛదం రొమ్మును కప్పేది. పద్యపాదంలో గణానుకూలతను బట్టి ఏదైనా వాడవచ్చునన్న కవిసౌలభ్యం వస్తుభేదాలను కరిగించింది. అచ్చతెలుగు మైమరువు కూడా ఒంటిని మరుగుపరిచేదన్న పనినే చెబుతుంది, రూపాన్ని చెప్పదు.

సన్నాహం అనే మాట మరింత ఆసక్తికరం. నహ్ ధాతువుకు కట్టడం అని అర్థం. సన్నాహం అంటే కవచం, సన్నద్ధుడు అంటే దానిని కట్టుకున్నవాడు. ఈనాడు పెళ్లి సన్నాహాలు, ఎన్నికల సన్నాహాలు అనే తెలుగువారి నోట ఒక యోధుడు పట్టీలు బిగించుకుంటున్న దృశ్యం నిద్రాణంగా ఉంది. కవచధారణలో కట్టడమనే క్రియకు ఉన్న ప్రాధాన్యాన్ని ఈ మాట సూచిస్తున్నది.

అయితే వ్యుత్పత్తిని అతిగా నమ్మడం ప్రమాదకరం. జోడు అంటే జంట కాబట్టి అది ముందొకటి వెనుకొకటిగా రెండు పలకల కవచమని ఒక తయారీదారు నిర్ణయించవచ్చు. కాని అదే మాట పాదరక్షలకూ చెల్లుతుంది, కళ్లజోడుకూ చెల్లుతుంది. జంట అన్న అర్థం నుంచి తొడుగు అన్న అర్థం స్వతంత్రంగా విస్తరించి ఉండవచ్చు. ఇక్కడ వ్యుత్పత్తి ఒక ఊహకు ప్రేరణ కాగలదు, నిర్మాణానికి ప్రమాణం కాలేదు. నామవాచకం కన్నా క్రియను గమనించడం మేలు. జోడు తొడుగుతారు, దట్టి బిగిస్తారు, కాసె కడతారు. ఈ క్రియాభేదాలు వస్తువు ఒంటికి చేరే తీరును యథాలాపంగా నమోదుచేశాయి. చాసర్ మరకకు ఇవి తెలుగు సమానాలు.

పద్యసాక్ష్యాన్ని ఇతర ఆకరాలతో సరిచూడాలి. తెలుగునాట వీరగల్లుల మీద యోధుడు తరచుగా వస్త్రం బిగించిన నడుముతో, కత్తితో, డాలుతో, ఆచ్ఛాదన లేని ఛాతీతో కనిపిస్తాడు. అది శిల్పసంప్రదాయమూ కావచ్చు, కాలిబంటు వాస్తవస్థితీ కావచ్చు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, రాజు సైన్యాన్ని తనిఖీ చేసిన సందర్భంలో పొరలుగా కుట్టిన అంగీలను, గట్టితోలు పొరలకు ఇనుపరేకులు చేర్చిన కవచాలను, మెడను కప్పే అంచులున్న శిరస్త్రాణాలను వర్ణించాడు. పొరలుగా కుట్టిన ఈ రక్షణ ఐరోపాకూ కొత్త కాదు. ఫ్రాన్సు రాజు పదకొండవ లూయీ శాసనాలు సైనికుల అంగీకి 25 లేదా 30 గుడ్డపొరలను, జింకతోలును విధించాయి. తెలుగిళ్లలో పాతగుడ్డలను పొరలు పేర్చి కుట్టే బొంత ఈ నిర్మాణాన్ని అర్థం చేసుకోవడానికి దగ్గరిదారి.

ఈ నేపథ్యంలో మన చారిత్రక చలనచిత్రాలలో, శోభాయాత్రలలో తరచుగా కనిపించే కండలు తిరిగిన ఏకలోహపు రొమ్ముకవచాన్ని పరిశీలించాలి. కండరాల ఆకృతిని లోహంలో పోతపోసినట్టు చూపే రీతి గ్రీకు, రోమను ప్రపంచానిది. కాకతీయ యోధుడికి దానిని తొడిగినప్పుడు ప్రేక్షకుడు పొందేది గాంభీర్యం, కోల్పోయేది స్వీయచరిత్ర. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కుకోసం పర్షియా వర్తకులు వచ్చేవారని పంతొమ్మిదవ శతాబ్దిలో హెన్రీ వాయ్సీ రాశాడు. అటువంటి లోహసంప్రదాయం ఉన్న నేల తన యోధుడికి అరువు కవచం తొడగడం విచారించదగిన విషయం.

7. అనుభవప్రామాణ్యం – హద్దులు:

చరిత్రకారుడు గతకాలపు ఆలోచనను తన మనసులో తిరిగి జరిపించుకోవాలని ఆర్.జి. కాలింగ్‌వుడ్ ప్రతిపాదించాడు. ఆయన మరణానంతరం 1946లో వెలువడిన ది ఐడియా ఆఫ్ హిస్టరీ ఈ వాదానికి ప్రసిద్ధం. అయితే ఆయన ఉద్దేశించినది ఆలోచనను. తక్షణ ఇంద్రియానుభూతిని అలా పునరుద్ధరించలేమని ఆయన గుర్తించాడు. కవచం తొడిగి ఎండలో నిలబడినవాడు చెమట, బరువు, ఊపిరాడకపోవడం ఎరుగుతాడు. కాని సాయంత్రానికి కవచం విప్పి ఇంటికి వెళ్తానన్న నిశ్చయం అతనికి ఉంది. విస్బీ రైతుకు ఆ నిశ్చయం లేదు. ఈ ఒక్క భేదం అనుభవ స్వభావాన్నే మార్చివేస్తుంది.

కాబట్టి పునరభినయం ఇవ్వగల జ్ఞానాన్ని కచ్చితంగా పేర్కొనాలి. ఒక నిర్మాణం సాధ్యమా, ఒక కదలిక వీలవుతుందా, ఒక కట్టు ఒంటరిగా బిగించుకోగలరా, సహాయకుడు కావాలా అన్నవి అది తేల్చగలదు. భయం, శోకం, శౌర్యం దాని పరిధిలోనివి కావు. వాటికి కావ్యమే ఆకరం. వస్తువు చెప్పలేనిది కావ్యం చెబుతుంది, కావ్యం అలంకారంలో దాచినది వస్తువు బయటపెడుతుంది.

8. ముగింపు:

మధ్యయుగ కవచాన్ని తిరిగి చేయడం గతాన్ని చదివే ఒక పద్ధతి. పాఠపరిష్కరణకు ఉన్న క్రమశిక్షణ దానికీ అవసరం. ఆకరంలో ఉన్నదేది, పూరించినదేది, కల్పించినదేది అన్న వివరణ ప్రతి కవచంతోపాటు లిఖితపూర్వకంగా ఉండాలి. విస్బీ వంటి ఆకరాలను వాటి వర్గపరిమితులతో సహా చదవాలి. తెలుగు పరిశోధన విషయంలో చేయవలసిన పని స్పష్టంగా ఉంది. యుద్ధపర్వాలలో, ద్విపదలలో, వీరగాథలలో ఉన్న సామగ్రిపదాలను వాటి క్రియలతో సహా సేకరించి, శిల్పాలతో, యాత్రికుల రచనలతో సరిచూసి, కమ్మరుల, కంసాలుల, తోలుపనివారి మాటలతో పోల్చి వస్తుప్రధానమైన పదకోశాన్ని నిర్మించాలి. ఆయుధవిశేషము అన్న అర్థం దగ్గర ఆగిపోయినంతకాలం ఆ పద్యాలలోని యోధుడి చేతిలో ఉన్నదేమిటో పాఠకుడికి కనిపించదు.